తండ్రి తుపాకి తనయునిదేనా?

ఇంటి యజమాని కాలము చేసి, పెద్దకర్మ ముగిసి, బంధువులు ఎవరి యూళ్లకు వారు తరలిపోయిన తరువాత కుటుంబమునకు మిగులు పని కాగితముల పని. పొలము పాసు పుస్తకములో పేరు మార్పించుట, బ్యాంకు ఖాతాకు నామినీ ఎవరో చూచుట, బీమా సొమ్మునకు దరఖాస్తు పెట్టుట, తల్లిగారి పేర కుటుంబ పింఛను మంజూరు చేయించుట మున్నగునవన్నియు ఆలస్యమైనను ఇబ్బందియే గాని అపాయము లేని పనులు. పాసు పుస్తకములో పేరు ఆరు నెలలు ఆలస్యముగా మారినంతమాత్రమున ఎవరును నేరస్థులు కారు. అయితే కొన్ని యిండ్లలో, బీరువా అడుగున పాత శాలువలో చుట్టియో, అటకపై ట్రంకుపెట్టెలో దాచియో, మేడగది గోడకు తగిలించియో మరియొక వస్తువు కూడ ఉండును. అది తుపాకి. పెద్దలు విడిచిపోయిన సొత్తులలో, వారసుడు ఏమియు చేయక ఊరకుండుటయే నేరముగా పరిణమింపగలది బహుశః ఇది యొక్కటియే.

దీనికి కారణము, చట్టము దృష్టిలో ఆస్తి వేరు, అనుమతి వేరు అగుట. తుపాకి ఆస్తియే, సందేహము లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వర్తించు కుటుంబములో పురుషుడు వీలునామా వ్రాయకుండ మరణించినచో, భార్యయు, తల్లియు, కుమారులును, కుమార్తెలును ప్రథమ శ్రేణి వారసులై ఇల్లు వాకిళ్లయందు వలెనే ఆ తుపాకి విలువయందును సమాన భాగస్వాములగుదురు. కాని దానిని ఇంట నుంచుకొనుటకు ప్రభుత్వమొసగిన లైసెన్సు అట్టిది కాదు. అది ఒక వ్యక్తి వయస్సును, నడవడిని, అవసరమును విచారించి ఆ వ్యక్తికి మాత్రమే ఇచ్చిన అనుమతి. అతనితో పుట్టినది, అతనితోనే పోయినది. “నా తుపాకి నా పెద్ద కుమారునకు చెందవలెను” అని వీలునామాలో స్పష్టముగా వ్రాసి రిజిస్టరు చేయించినను, ఆ వాక్యము కుమారునకు స్వామ్యము నొసగునే గాని, తుపాకిని చేతబట్టు అధికారము నొసగజాలదు. ఈ భేదమును గ్రహించినవారికి తక్కిన చట్టమంతయు సుబోధము. గ్రహింపనివారు, ఏనాడును ఠాణా గడప తొక్కని పెద్దమనుషులై యుండియు, కేసులలో చిక్కుకొనుచున్నారు.

మన ప్రాంతములలో తుపాకులు ఇండ్లకు చేరిన త్రోవలు పెక్కులు. లిట్టన్ ప్రభువు కాలమున 1878లో వచ్చిన ఆయుధ చట్టము ఐరోపా జాతులవారికి మినహాయింపు లిచ్చి, భారతీయునకు ఆయుధమును దుర్లభము గావించినది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను ఒకదాని వెంట నొకటి ముట్టడించినది అచ్చటి తుపాకులకొరకే యన్న సంగతి తెలుగువారికి క్రొత్త గాదు. ఆ దినములలో లైసెన్సు లభించుట పాలకుల అనుగ్రహమునకు గుర్తు. అది జమీందారులకును, జాగీర్దారులకును, దొరల విశ్వాసము చూరగొన్న మోతుబరులకును దక్కినది. 1948లో మద్రాసు రాష్ట్రమున జమీందారీలును, 1949లో హైదరాబాదు సంస్థానమున జాగీర్లును రద్దై భూములు చేజారినను, గోడలపై వేట తుపాకులు నిలిచియే యున్నవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి వేటను మాన్పించుటతో వానికి పనియు లేకపోయినది. అడవి అంచు పల్లెలలో పందుల బారినుండి చేను కాచుకొనుటకు రైతు పొందిన కూరుడు తుపాకి, రాయలసీమలో ప్రాణభయముచే తీసికొన్న రివాల్వరు, సైన్యమునుండి విరమించి బ్యాంకు వాకిట గన్‌మన్‌గా కూర్చున్నవాని డబుల్ బ్యారెల్ తుపాకి - ఇవి తరువాతి తరమువి. నేడు వీనినన్నిటిని ఏలునది 1959లో పార్లమెంటు చేసి 1962 అక్టోబరు 1 నుండి అమలుపరచిన ఆయుధ చట్టమును, 2016 నాటి ఆయుధ నియమములును, 2019లో వచ్చిన సవరణయును.

తెలిసిన క్షణమే తొలి గడువు

“అది మా నాయనగారిది, నాకు దానితో ఏమి సంబంధము?” అని అడుగు వారసుడు అర్ధసత్యమును పలుకుచున్నాడు. తుపాకి తన యింట నున్నదను సంగతియే ఎరుగనివానిని చట్టము శిక్షింపదు. ఆయుధ చట్టములోని స్వాధీనమునకు ఎరుక అవసరమనియు, వస్తువుపై అధికారము చెలాయింపగల స్థితి యుండవలెననియు సుప్రీంకోర్టు 1972లో మధ్యప్రదేశ్ నుండి వచ్చిన యొక వ్యాజ్యమున నిర్ణయించియున్నది. ఆ మాట నిర్దోషికి రక్ష. కాని బీరువా తెరచి, శాలువ విప్పి, చూచి, మరల చుట్టి యథాస్థానమున నుంచినవానికి ఆ రక్ష తొలగిపోవును. అప్పటినుండి అతడు ఎరిగియు లైసెన్సు లేక ఆయుధము నుంచుకొన్నవాడే. 2019 సవరణ పిమ్మట ఈ నేరమునకు రెండు సంవత్సరములకు తగ్గని, ఐదు సంవత్సరములవరకు పొడిగింపదగిన కారాగారవాసమును, జరిమానాయును విధింపవచ్చును. ఆయుధము నిషిద్ధ వర్గమునకు చెందినదైనచో శిక్ష ఏడేండ్లనుండి పదునాలుగేండ్లవరకు సాగును. సాధారణముగా లైసెన్సు లేమికి సంబంధించిన అభియోగమును కోర్టుకు తెచ్చుటకు ముందు జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందవలెనను నిబంధన యున్నది గనుక, తనంత తాను ఠాణాకు వెళ్లి నిజము తెలిపిన వారసుని ఉద్దేశమును పరిశీలించుటకు అవకాశము గలదు. ఏండ్లతరబడి దాచి పట్టుబడినవానికి ఆ పరిశీలన ఎంత సానుకూలముగా నుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఐతే చట్టముకన్న ముందు తలచవలసినది ప్రాణము. దొరికిన తుపాకిలో తూటా యున్నదనియే భావించి వ్యవహరింపవలెను. గొట్టము ఎవ్వరివైపునకును త్రిప్పరాదు; గుఱ్ఱము మీదను, దానిక్రింది ట్రిగ్గరు మీదను వ్రేలు పెట్టరాదు; పిల్లలను ఆ గదినుండి పంపివేసి తలుపునకు తాళము వేయవలెను. ట్వెల్వ్ బోరు డబుల్ బ్యారెల్ తుపాకిని మధ్యకు విరిచి చూచినచో గొట్టముల వెనుక తూటాల ఇత్తడి మడమలు కనబడును గనుక అది నిండుదో వట్టిదో తెలిసినవానికి క్షణములో తెలియును. కూరుడు తుపాకి సంగతి అట్లు కాదు. దాని మందును, రవ్వలును, పైనుండి బిగించిన గుడ్డపీలికయు గొట్టము మూతినుండి కూరినవే. వెనుకవైపు తెరచి చూచుటకు ఏమియు లేదు. తాతగారు పందిని కొట్టుటకై కూరి, పంది రానందున గోడకు తగిలించి మరచిన తుపాకిలో నల్లమందు తేమ తగులకున్నచో దశాబ్దముల తరువాతను పేలగలదు. అనుభవజ్ఞులు మందు దట్టించు ఇనుపకడ్డీని గొట్టములోనికి జారవిడిచి, అది ఎంతదూరము దిగినదో వ్రేలితో గురుతుపెట్టి, బయటకు తీసి అదే కడ్డీని గొట్టము వెలుపల ఆనించి చూతురు. గురుతును గొట్టము మూతికి సరిపెట్టినప్పుడు కడ్డీ కొన గొట్టము అడుగుదాక రాక కొంత ముందే ఆగిపోయినచో లోపల ఏదో యున్నట్లే. ఈ పరీక్షయైనను తెలిసినవారు చేయదగినదే గాని, కుతూహలముచే ఇంటివారు చేయదగినది గాదు. ఉబ్బి పచ్చబారిన పాత తూటాలను వంటింటి ప్రక్కన నుంచుటయు, చెత్తకుండీలో గాని బావిలో గాని పారవేయుటయు తగదు. తుపాకికి వలెనే తూటాలకును లెక్క యున్నది.

ఠాణాయా, దుకాణమా

ఆయుధ చట్టములోని 21వ సెక్షను ఈ ఘట్టమునకు మూలకందము. ఏ కారణముచేతనైనను స్వాధీనము చట్టసమ్మతము గాకపోయినచో, ఆ ఆయుధమును అనవసర విలంబము లేక సమీప ఠాణా అధికారికి గాని, లైసెన్సు పొందిన ఆయుధ వర్తకునకు గాని అప్పగింపవలెనని అది శాసించుచున్నది. సైనికోద్యోగి యైనచో తన దళపు ఆయుధాగారమునను అప్పగింపవచ్చును. ఇన్ని దినములలో అని చెప్పక “అనవసర విలంబము లేక” అనుటలో ఒక వివేకమున్నది. శోకములోనున్న కుటుంబమునకు కొంత వ్యవధి న్యాయముగా దొరకును. సంవత్సరీకము దాటినను కదలనివానికి ఆ మాట ఆసరా కాజాలదు.

తుపాకిని భుజముపై వేసికొని ఆర్టీసీ బస్సులో ఠాణాకు బయలుదేరుట మాత్రము పనికిరాదు. ముందుగ ఎస్సైగారికి ఫోనుచేసి, పిదప వ్రాతపూర్వకముగా విషయము తెలిపి, ఎప్పుడు ఎట్లు తేవలెనో, లేక సిబ్బందియే వచ్చి తీసికొనిపోవుదురో నిర్ణయించుకొనవలెను. ఆ లేఖకు మరణ ధ్రువపత్రము నకలును, లైసెన్సు పుస్తకము నకలును జతపరచుట మంచిది. ఈ పుస్తకము మిక్కిలి విలువైన సాక్షి. మొదటి పుటలో లైసెన్సుదారు ఛాయాచిత్రమును చిరునామాయు, ఆపైన ఆయుధము రకము, బోరు, గొట్టముపై చెక్కిన సంఖ్య, తరువాతి పుటలలో పునరుద్ధరణ ముద్రలు, దుకాణదారుడు ఎన్నడెన్నడు ఎన్ని తూటాలు అమ్మెనో తేదీతో వేసిన సంతకములు - అంతయు అందుండును. చేతనున్న తుపాకిపై సంఖ్యయు పుస్తకములోని సంఖ్యయు ఒకటియేనా, మిగిలిన తూటాలెన్ని యను రెండు సంగతులు అప్పగింతకు ముందే చూచుకొనవలెను. అప్పగించిన పిదప రశీదు లేనిదే కదలరాదు. రశీదులో తయారీదారు పేరు, బోరు, సంఖ్య, తూటాల లెక్క, తేదీ, అధికారి సంతకము, ముద్ర ఉన్నవో లేవో అక్కడనే చదువుకొనవలెను. “ఒక తుపాకి అందినది” అని మాత్రమే వ్రాసిన చీటి రేపు తగవు వచ్చిననాడు కొరగాదు.

వర్తకుని వద్ద అప్పగించినచో నెలసరి అద్దె పడును; అయినను అతడు నూనె రాచి భద్రపరచును. ఠాణాలో ఖర్చు లేదు గాని, మాల్‌ఖానా గదిలో తేమకు త్రుప్పు పట్టవచ్చును. విలువైన విదేశీ తుపాకి యైనచో వర్తకుడును, అమ్ముడు విలువ అంతగా లేని కూరుడు తుపాకి యైనచో ఠాణాయును మేలని అనుభవము గలవారందురు.

కొన్ని యిండ్లలో ఇందుకు విపర్యయము జరుగును: పుస్తకముండును, తుపాకి యుండదు. అట్టిచో వెంటనే కంగారుపడక పాత కాగితములు వెదకవలెను. ఎన్నికలు ప్రకటింపబడినప్పుడెల్ల లైసెన్సు తుపాకులను ఠాణాలో డిపాజిట్ చేయుమని పోలీసువారు కోరుట మనకు వాడుకయే. వృద్ధులు కొందరు అట్లు ఇచ్చిన తుపాకిని తిరిగి తెచ్చుకొనకయే కన్నుమూసియుందురు. రశీదు దొరికినచో చిక్కు తీరినట్లే. దొరకనిచో, ఠాణాలోను దుకాణములోను విచారించి, అక్కడను లేదని తేలినచో పోయినట్లు ఫిర్యాదు చేయవలసినదే. పోయిన తుపాకి రేపెక్కడ ప్రత్యక్షమగునో ఎవరు చెప్పగలరు?

ముందున్న మూడు మార్గములు

అప్పగింతతో వారసుని హక్కు నశింపదు. నియమములు చెప్పిన గడువులోపల, తాను అర్హత సంపాదించి తిరిగి తీసికొనుటకును, అర్హుడైన మరియొకనికి అమ్మి సొమ్ము పొందుటకును 21వ సెక్షనే అతనికి హక్కునిచ్చుచున్నది. ఏదియు చేయక గడువు దాటనిచ్చినచో జిల్లా మేజిస్ట్రేటు నోటీసు ఇచ్చి, ఆయుధమును ప్రభుత్వపరము చేయుటకు ఉత్తరువు చేయవచ్చును.

తానే ఉంచుకొనదలచినవాడు తన పేర క్రొత్త లైసెన్సునకు దరఖాస్తు పెట్టవలెను. 2016 నియమములలో 25వది మరణించిన లైసెన్సుదారుని చట్టబద్ధ వారసునకు లైసెన్సు ఇయ్యవచ్చునని చెప్పుచున్నది; “ఇయ్యవచ్చును” అనినదే గాని “ఇయ్యవలెను” అనలేదని గమనించవలెను. జిల్లాలలో కలెక్టరు, హైదరాబాదు వంటి కమిషనరేట్లలో పోలీసు కమిషనరు లైసెన్సు అధికారులు. తహసీల్దారు ఇచ్చు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టు, మరణ ధ్రువపత్రము, పాత లైసెన్సు, తక్కిన వారసులందరును అభ్యంతరము లేదని నోటరీ యెదుట సంతకము చేసిన అఫిడవిట్లు, వైద్య పరీక్ష పత్రము, ఆయుధమును సురక్షితముగా వాడు శిక్షణ పొందినట్లు పత్రము కావలెను. పోలీసు విచారణ జరుగును. ఇరువదియొక్క సంవత్సరములు నిండనివాడును, హింసతోగాని నైతిక పతనముతోగాని కూడిన నేరమునకు శిక్ష అనుభవించి ఐదేండ్లు గడవనివాడును, మతి స్థిమితము లేనివాడును, బైండోవరు గడువులో నున్నవాడును అనర్హులు. లైసెన్సు మంజూరైనచో జాతీయ సమాచార నిధిలో దానికి యూఐఎన్ అను విశిష్ట సంఖ్య కేటాయింపబడును. అది ఐదేండ్లు చెల్లును. నిరాకరించినచో కారణములతో కూడిన ఉత్తరువు కోరి పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చును.

ఇక్కడ అన్నదమ్ముల మధ్య అహము తలయెత్తుట కద్దు. తుపాకి ఇంటి పరువునకు చిహ్నమని తలచు కుటుంబములలో పెద్దవాడు తనదే యనును, చిన్నవాడు సంతకము చేయననును. కుమార్తెకును సమానమైన హక్కు గలదనియు, ఆమెయు లైసెన్సు కోరవచ్చుననియు ఇరువురును మరతురు. సంతకములు కుదరువరకు ఆయుధము అప్పగించినచోటనే యుండుట అందరికిని క్షేమము.

అమ్మదలచినవాడు వర్తకుని ద్వారా అమ్ముట సులభము. లైసెన్సు గల ప్రైవేటు వ్యక్తికే అమ్మదలచినచో, కొనువాని పేరు చిరునామాలతో జిల్లా మేజిస్ట్రేటుకో సమీప ఠాణాకో వ్రాతపూర్వకముగా తెలిపి నలుబదియైదు దినములు గడచిన పిమ్మటనే చేతులు మారవలెనని 5వ సెక్షను నియమించుచున్నది. బంధువను నెపముతో మేనమామకో బావమరదికో ఊరకే ఇచ్చుటయు చట్టము కంటికి బదిలీయే. మూడవది, అక్కరలేదని వ్రాసియిచ్చి ప్రభుత్వమునకే వదలివేయుట. కొనువాడు దొరకని పాత తుపాకులకు ఇదియే ఋజుమార్గము.

చిక్కు ముడులు

2019 సవరణ ఒక వ్యక్తి మూడు తుపాకులవరకు ఉంచుకొనవచ్చునన్న పాత పరిమితిని రెండునకు తగ్గించినది. వారసత్వముగా వచ్చినను ఈ రెంటికి మించరాదని ప్రత్యేకముగా పేర్కొన్నది. కావున ఇదివరకే రెండు తుపాకులు గల కుమారుడు తండ్రి తుపాకిపై మమకారముంచుకొన్నచో తనవాటిలో నొకదానిని వదలుకొనవలెను. అట్లే బోరు విషయము చూచుకొనవలెను. ట్వెల్వ్ బోరు తుపాకి, .32 రివాల్వరు, .315 రైఫిలు సాధారణ వర్గమునకు చెందినవి. .303 రైఫిలు, 9 మి.మీ. పిస్తోలు వంటివి నిషిద్ధ బోరు. వాని లైసెన్సు కేంద్ర ప్రభుత్వము చేతిలోనిది గనుక కలెక్టరు కార్యాలయముతో పని తీరదు.

“ఇది త్రుప్పుపట్టిన ఇనుపముక్క, దీనికి లైసెన్సేల?” అనుట పెక్కుమంది చేయు వాదము. 45వ సెక్షను కాలము చెల్లిన నమూనాలకును, పురావస్తు విలువ గలవానికిని, చెడిపోయినవానికిని మినహాయింపు ఇచ్చుచున్న మాట నిజమే. కాని మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకిగా పనికిరానిదై యుండవలెనని షరతు. స్ప్రింగు విరిగినది, గుఱ్ఱము ఊడినది అనుట చాలదు. స్ప్రింగు మార్చినచో పేలునా యనునదే ప్రశ్న. ఆ తీర్పు చెప్పవలసినవాడు ఇంటి యజమాని కాదు, ఆయుధ నిపుణుడు. నూరేండ్లు దాటిన చారిత్రక వస్తువైనచో 1972 నాటి పురావస్తు చట్టమును వర్తించును గనుక, విదేశములోని కుమారుని యింటి గోడకై దానిని పెట్టెలో పంపుటకు వీలులేదు.

వేట తుపాకి యున్న యింట తరచుగా పులితోలో, దుప్పికొమ్ములో కూడ ఉండును. యాజమాన్య ధ్రువపత్రము గల అట్టి వస్తువులు వారసత్వముగా సంక్రమించినచో తొంబది దినములలో వన్యప్రాణి ప్రధాన సంరక్షణాధికారికి తెలుపవలెనని వన్యప్రాణి చట్టము చెప్పుచున్నది. తుపాకిని గూర్చి ఠాణాకు పోయి, దానిప్రక్కనే వ్రేలాడు తోలును మరచుట సగము పని చేయుటయే.

అన్నిటికన్న కఠినమైనది, ఏ పుస్తకమునకు ఎక్కని తుపాకి దొరకుట. పోయినవారి పరువు కాపాడవలెనని దానిని రాత్రివేళ చెరువులో పడవేయువారు, ఆ క్షణమున వారి తప్పును తమ తప్పుగా మార్చుకొనుచున్నారు. ఇట్టిచో ముందుగ న్యాయవాదిని సంప్రదించి, వస్తువును కదపక, ఎప్పుడు ఎక్కడ ఎట్లు కనబడెనో తేదీతో సహా వ్రాసి, ఆయన సమక్షమున ఠాణాకు తెలుపుట శ్రేయస్కరము. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న వారసులు తాము వచ్చువరకు అట్లే ఉండనిండని తల్లితో చెప్పుట మిక్కిలి హానికరము. ఇంట నున్నది ఆమె, కేసు వచ్చునదియు ఆమెపైననే. అప్పగింత ఆమె ద్వారా వెంటనే జరుపవచ్చును. అమ్మకమునకు అధికారపత్రము తరువాత పంపుకొనవచ్చును.

ఇన్ని చిక్కులకును ముందే పరిష్కారము చూపిన నిబంధన యొకటి నియమములలోనే యున్నది. అది జీవించియున్నవారి కొరకు. లైసెన్సుదారుకు డెబ్బది సంవత్సరములు నిండినను, లేక తుపాకి అతని వద్ద ఇరువదియైదు సంవత్సరములుగా నున్నను, ఈ రెంటిలో ఏది ముందైన అప్పుడు, తన వారసులలో నొకని పేరు తానే సూచించి, అర్హత యున్నచో అతనికి లైసెన్సు ఇప్పించవచ్చును. అప్పుడు తగవు తీర్చుటకు తండ్రియే యుండును. పుస్తకమెక్కడ, తూటాలెన్ని, రశీదెక్కడ అను ప్రశ్నలకు సమాధానము చెప్పుటకును ఆయనయే యుండును. పిల్లలకెవ్వరికిని ఆసక్తి లేదని తెలిసినచో తన చేతులతోనే అమ్మివేయుట అంతకన్న సులువు. తుపాకి గల ప్రతి పెద్దయు ఈ రెంటిలో నొకటి ఈ యేడే చేయుట మంచిది. చేయలేకున్నచో, కనీసము తుపాకి యెక్కడ నున్నదో, లైసెన్సు పుస్తకమెక్కడ నున్నదో ఒక కాగితముపై వ్రాసి భార్యచేతికి ఇచ్చి యుంచవలెను.